కష్టాలలో బాల్యం: డెబోరా ఎల్లిస్ నవలలు

బాలసాహిత్యమనగానే రాజకుమారులు, మాంత్రికులు, మాటలాడే జంతువులు మన మనస్సున మెదలుతారు. ఆ కథల విలువ తక్కువది కాదు. అయితే ఆకలిని, యుద్ధాన్ని, వ్యాధిని నిత్యజీవితంలోనే ఎదుర్కొంటున్న బాలల కథ వ్రాసేవారెవరు? అట్టివారిలో కెనడా రచయిత్రి డెబోరా ఎల్లిస్ ముఖ్యురాలు.

1960లో జన్మించిన ఎల్లిస్, 1990వ దశకం రెండవ భాగంలో పాకిస్తాన్‌లోని ఆఫ్ఘన్ శరణార్థి శిబిరాలకు వెళ్ళి స్త్రీల అనుభవాలను సేకరించారు. కుటుంబ పోషణకై జుట్టు కత్తిరించుకొని బాలుని వేషం ధరించిన ఒక బాలిక సంగతి అక్కడే ఆమె చెవిన పడింది. 2000లో వెలువడిన ‘ది బ్రెడ్‌విన్నర్’ నవలకు అదే బీజం.

పర్వానా పదకొండేళ్ళ కాబూలు బాలిక. తాలిబాన్ పాలనలో ఆమె చదువు ఆగిపోయింది. చరిత్ర బోధించిన తండ్రి బాంబుదాడిలో కాలు పోగొట్టుకొని, బజారులో చదువురానివారికి ఉత్తరాలు చదివిపెట్టి జీవిస్తుంటాడు. ఆయనను సైనికులు చెరసాలకు కొనిపోగా, మరణించిన అన్న దుస్తులు తొడుగుకొని పర్వానా తండ్రి స్థానంలో కూర్చుంటుంది. ఒకనాడు ఒక తాలిబాన్ సైనికుడు, మరణించిన తన భార్య పేర ఉన్న పాత ఉత్తరాన్ని ఆమెచేత చదివించుకొని కంటతడి పెడతాడు. ఆడపిల్లకు చదువు వద్దన్న పక్షంవాడు, తనకు తెలియకుండానే ఆడపిల్ల చదువుకు ఋణపడ్డాడు. నవల సారమంతా ఈ ఘట్టంలో ఉన్నది. ఆ కుటుంబానికి అన్నం పెట్టినది మారువేషమొక్కటే కాదు, తండ్రి నేర్పిన అక్షరం.

ఎల్లిస్ దృష్టి ఒక్క దేశానికే పరిమితం కాదు. 2011 నాటి ‘నో ఆర్డినరీ డే’ మన దేశపు కథ. ఝరియా బొగ్గు ప్రాంతంలో పెరిగిన అనాథ వల్లి కలకత్తా వీధులకు చేరుతుంది. నిప్పు తగిలినా ఆమె పాదాలకు నొప్పి తెలియదు. అది కుష్ఠువ్యాధి లక్షణమనీ, చికిత్సతో నయమవుతుందనీ ఆమె తెలుసుకొంటుంది.

ఇంతటి దుఃఖాన్ని పిల్లలకు చూపవచ్చునా అని కొందరి శంక. కాని ఎల్లిస్ పాత్రలు జాలికై చేయి చాపవు. భయపడుతూనే ఏదో ఒక పనికి పూనుకొంటాయి. రచయిత్రి కూడ కన్నీటితో సరిపెట్టుకొనక, ‘ది బ్రెడ్‌విన్నర్’ రాబడిని ఆఫ్ఘన్ స్త్రీల విద్యకు పాటుపడే సంస్థకు అర్పించారు.

తాలిబాన్ 2021లో తిరిగి అధికారానికి వచ్చి బాలికలకు ఉన్నత పాఠశాలల తలుపులు, 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులు మూసివేసింది. మన ధర్మంలో అవతరించిన తొలి ఆదేశమే చదువుమని. ఆ ఆదేశం స్త్రీని మినహాయించలేదు. కనుక మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులు తరగతిగదిలో తమకు దొరికిన చోటును సామాన్యమైనదిగా భావింపరాదు. పర్వానా ఒక దుప్పటి పరచుకొని దక్కించుకొన్నదీ అటువంటి చోటునే.