తివాచీకి పట్టిన వాసన

చుట్టాలు గుమ్మంలో అడుగు పెట్టగానే గోడమీది పటాలనూ, కిటికీ తెరలనూ చూసి యిల్లాలి నేర్పును మెచ్చుకుంటారని మనం అనుకుంటాం. వాళ్ళ కళ్ళు ఆ పని మొదలుపెట్టేలోగానే ముక్కు తీర్పు చెప్పేసి వుంటుంది. పైకి మాత్రం ఎవరూ అనరు. కాఫీ తాగి, కుశలం అడిగి, కొంచెం తొందరగా లేచి వెళ్ళిపోతారు.

పాకే పాప, ఆరేళ్ళు వచ్చినా పక్క తడిపే పిల్లవాడు, రాత్రివేళ స్నానాల గది దాకా వెళ్ళలేని తాతగారు, యెటునుంచో వచ్చి అలవాటైపోయిన పిల్లి - వీళ్ళలో ఒక్కరైనా లేని సంసారం అరుదు. కాబట్టి హాల్లో పరచిన తివాచీకో, మంచంమీది పరుపుకో ఒంటేలు వాసన పట్టడం యే యింటికైనా వచ్చే చిక్కే. సాధారణంగా దానికి చేసే వైద్యం రెండు విధాలు: ఫినాయిలు చల్లడం, సాంబ్రాణి వెయ్యడం. రెండు రోజులు బాగానే వుంటుంది. తరువాత ఒక ముసురు పట్టగానే, ఆ వాసన సాంబ్రాణితో సహా లేస్తుంది.

వాసన యెలా పుడుతుంది?

మూత్రంలో నూటికి 95 పాళ్ళు నీరే. మిగిలినదాంట్లో ముఖ్యమైనవి యూరియా, లవణాలు, కొద్దిగా యూరిక్ ఆమ్లం. ఆరోగ్యవంతుల మూత్రానికి అప్పటికప్పుడు పెద్ద వాసన వుండదు. గుడ్డలో యింకి కొన్ని గంటలు నిలవ వున్నాక, సూక్ష్మజీవులు చేరి యూరియాను విడగొట్టి అమ్మోనియాగా మారుస్తాయి. ముక్కుపుటాలు అదిరిపోయే ఆ ఘాటు అమ్మోనియాది. యీ మార్పు చేసే యెంజైము పేరు యూరియేజ్. అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ సమ్నర్ 1926లో, మన తమ్మకాయ జాతికి చెందిన ఒక చిక్కుడు గింజలనుంచి దీన్ని స్ఫటికాలుగా విడదీశాడు. యెంజైమును స్ఫటికంగా తీయడం లోకంలో అదే మొదలు. ఆ పరిశోధనకు 1946లో ఆయనకు నోబెల్ బహుమానంలో భాగం దక్కింది.

అమ్మోనియా గాలికి పోయేదే. మొండికేసేది యూరిక్ ఆమ్లం. అది నీళ్ళలో సరిగా కరగదు; సన్నని స్ఫటికాలుగా మారి పోగుల మధ్య దాక్కుంటుంది. యెండాకాలంలో నిద్రపోతుంది. వానాకాలంలో ఆ పోగులు గాలిలోని తేమ పీల్చుకోగానే, మరకలో మిగిలిన మురికీ సూక్ష్మజీవులూ మళ్ళీ మేలుకుంటాయి. "నెల క్రితమే కడిగాం కదా, మళ్ళీ యెందుకొచ్చింది?" అనే ప్రశ్నకు జవాబు యిదే.

మొదటి పది నిమిషాలు

తడి యింకా ఆరకముందే చూస్తే సగం పని తేలికైపోతుంది. పాత నూలుచీర ముక్కో, తువాలో మడతలు పెట్టి మరకమీద వేసి, బరువంతా మోపి అదమండి. తడి గుడ్డ తీసి పొడిది వెయ్యండి. గుడ్డకు తడి అంటనంతవరకూ అలాగే చెయ్యండి. రుద్దకూడదు. రుద్దితే తడి లోపలికి దిగుతుంది, పోగులు చెదురుతాయి.

తరువాత చన్నీళ్ళు కొద్దిగా పోసి మళ్ళీ అద్దండి. అంచులనుంచి నడుమకు రావాలిగాని, నడుమనుంచి అంచులకు పోకూడదు. వేణ్ణీళ్ళు మాత్రం వద్దు. వేడికి మరక పోగుల్లో గట్టిపడుతుంది. ఆవిరి పట్టే యంత్రాలకూ యిదే మాట.

యింకొక సంగతి. పైన రూపాయి బిళ్ళంత మరక కనిపిస్తే అడుగున అంతకు రెండింతలు పాకి వుంటుంది. తివాచీ అంచు యెత్తి వెనకవైపూ, కింద నేలా కూడా చూసుకోవాలి.

ఆరిపోయిన పాత మరకకు

ముందు చోటు కనుక్కోవాలి. యిందుకు అతినీలలోహిత దీపాలు టార్చిలైట్లలా దొరుకుతున్నాయి. గది చీకటి చేసి వేస్తే, పాత మూత్రం మరక పాలిపోయిన పసుపురంగులో మెరుస్తుంది.

తెల్ల వెనిగర్ ఒక గ్లాసుకు రెండు గ్లాసుల చన్నీళ్ళు కలపండి. తివాచీ మూలగా, కనబడని చోట, ఆ నీళ్ళతో తడిపిన తెల్లగుడ్డ అద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే ఆ ప్రయత్నం మానుకుని, కడగడం తెలిసినవాళ్ళకు అప్పగించండి. అంటకపోతే మరక మొత్తం తడిసేలా పోసి, పావుగంట ఆగి, పొడిగుడ్డలతో అద్ది తీసేయండి. వెనిగర్‌లోని ఆమ్లం అమ్మోనియా ఘాటును విరుస్తుంది. వెనిగర్ వాసన ఆరాక దానంతటదే పోతుంది.

బాగా ఆరిన తరువాత తినే సోడా పలచగా చల్లి, రాత్రంతా వుంచి, తెల్లవారి మెత్తని బ్రష్షుతో దులపండి. వెనిగర్, సోడా ఒకేసారి కలిపితే బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి ముచ్చటే. కాని ఒకదాని గుణాన్ని ఒకటి చంపుకొని, చివరకు మిగిలేది పనికిరాని ఉప్పునీరు. కాబట్టి ఒకటి అయ్యాకే రెండోది.

దీనికీ లొంగకపోతే యెంజైములతో చేసిన ద్రావకాలు వున్నాయి. కుక్కలకూ, పిల్లులకూ కావలసిన సరుకులు అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. మూత్రంలోని పదార్థాలను చిన్న ముక్కలుగా విరిచి, వాసన మూలాన్నే తీసేయడం వీటి పని. పై పై చిలకరిస్తే లాభం లేదు. మరక యెంత లోతు దిగిందో మందు కూడా అంత లోతు దిగాలి; సీసామీద రాసినంతసేపు తడిగా వుండాలి.

ఉన్ని వేరు, నూలు వేరు

ఏలూరు తివాచీ ఉన్నిది. ఉన్ని అంటే గొర్రె వెంట్రుక, అంటే మాంసకృత్తు. మాంసకృత్తులను విరిచే యెంజైము కలిపిన ద్రావకం మరకతోపాటు ఉన్నినీ తినేస్తుంది. సీసామీద ఉన్నికి పనికివస్తుందని రాసి వుంటేనే వాడాలి. చాకలిసోడా, బ్లీచింగు పౌడరు దగ్గరకు కూడా రానివ్వకూడదు. ఉన్నికి మన కుంకుడుకాయ రసం మంచి నేస్తం. వడగట్టి, నీళ్ళు కలిపి, నురుగుతో అద్దితే చాలు. తెల్ల ఉన్నిమీద మాత్రం రంగు దిగవచ్చు; జాగ్రత్త. ఆరబెట్టేది నీడన, గాలి తగిలే చోట. యెండలో రంగు వెలుస్తుంది.

వరంగల్ జంపఖానాలు నూలువి. 2018లో వీటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రంగు దిగదని పరీక్షించుకుంటే వీటిని నిర్భయంగా ఉతకవచ్చు. తిరగేసి కాసేపు యెండ చూపించవచ్చు. యేదైనా సరే, తడి ఆరకుండా చుట్టి మూలన పెట్టకూడదు.

బూరుగుదూది పరుపును కడిగితే గడ్డలు కడుతుంది. కుట్లు విప్పి, తడిసిన దూది తీసి యెండబెట్టి, యేకించి మళ్ళీ కుట్టించడమే మార్గం. ముందు జాగ్రత్తగా దుప్పటికింద రబ్బరు గుడ్డ వేస్తే యీ శ్రమే వుండదు.

చేయకూడని పనులు

మూత్రం పడిన చోట బ్లీచింగు పౌడరు ద్రావకం పోయకండి. అందులోని క్లోరిన్, అమ్మోనియా కలిసి వూపిరితిత్తులకు హాని చేసే విషవాయువు పుడుతుంది. బ్లీచింగులో వెనిగర్ కలిపినా అపాయమే.

నాపరాళ్ళ నేల - షాబాదు, కడప, తాండూరు రాళ్ళు - సున్నపురాయి జాతి. చలవరాయీ అంతే. వెనిగర్ పడితే వాటి నునుపు పోయి మచ్చలు పడతాయి. తివాచీని అక్కడనుంచి తీసి, కింద పళ్ళెం పెట్టుకొని పని చెయ్యండి. నేలను సబ్బునీళ్ళతోనే తుడవండి.

పిల్లి తడిపిన చోట అమ్మోనియా కలిసిన మందులు వాడితే, అది తన చోటేననుకొని మళ్ళీ అక్కడికే వస్తుంది. ఎన్నడూ లేనిది పిల్లి ఉన్నట్టుండి తివాచీమీద పోయడం మొదలుపెడితే, దానికి మూత్రవ్యాధి వచ్చిందేమో పశువైద్యుడికి చూపించాలి. మగపిల్లి ముక్కుతూ చుక్క కూడా రాక బాధపడుతూ వుంటే ఆ రోజే తీసుకుపోవాలి. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

తివాచీకన్న ముఖ్యమైనది

అయిదేళ్ళ పిల్లల్లో నూటికి సుమారు పదిహేనుమంది రాత్రిళ్ళు పక్క తడుపుతారు. అది వాళ్ళ కొంటెతనమూ కాదు, సోమరితనమూ కాదు. నిద్రలో తెలియదు, అంతే. యెక్కువమందికి వయస్సుతోపాటు అదే తగ్గిపోతుంది. తెల్లవారి తమ్ముళ్ళముందు నవ్వులపాలు చేస్తే తగ్గదు సరిగదా, బెంగ పెరుగుతుంది. పొడిగా నిద్రపోయే పిల్లవాడు మళ్ళీ కొత్తగా తడపడం మొదలుపెట్టినా, దాహం విపరీతంగా వున్నా వైద్యుడికి చూపించండి.

పెద్దవాళ్ళ సంగతి మరీ సున్నితం. కోడలు ముక్కు చిట్లించడం చూసిన మామగారు మరునాటినుంచి మంచినీళ్ళు తాగడం తగ్గిస్తారు. హాల్లోకి రావడం మానేసి వెనక గదిలో కూర్చుంటారు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి వాసన హెచ్చుతుంది. జబ్బుకూ దారి తీస్తుంది. ఆపుకోలేకపోవడం వయస్సుకు శిక్ష కాదు. చాలామందిలో వైద్యంతో నయమో, నయం కాకపోతే తగ్గుముఖమో పట్టేదే. వాసన ఉన్నట్టుండి ఘాటెక్కి, మంటా జ్వరమూ తోడైతే వెంటనే చూపించాలి. మంచాన్ని స్నానాలగదికి దగ్గరగా జరపడం, రాత్రి దారిలో చిన్న దీపం వుంచడం, మంచంపక్కన మూత్రపాత్ర పెట్టడం - యివి యీ సాయంత్రమే చేయగల పనులు. అవి చేశాక, ఆయన కుర్చీని మళ్ళీ హాల్లో తివాచీమీదే వేయండి. తడిస్తే యేం చెయ్యాలో యిప్పుడు మీకు తెలుసు.