కథ ఒక్కళ్లే చదవడం వేరు, డాబా మీద కూర్చుని చదవడం వేరు

ఈ ఎపిసోడ్ పుస్తకాల గురించి. ‘చచ్చేలోపు చదవాల్సిన పుస్తకాలు’ లాంటి లిస్టు మాత్రం ఇవ్వను. అలాంటివి మనందరం సేవ్ చేసుకుంటాం, మళ్లీ ఓపెన్ చెయ్యం.

ముందు అసలు ఇబ్బంది దగ్గరికి వద్దాం. మనలో చాలామంది ఇంగ్లిష్ మీడియం. సినిమా డైలాగులు కామాతో సహా వచ్చు, కానీ తెలుగు పేజీ ముందు పెడితే రెండో పేరాకే కళ్లు లాగుతాయి. బీటెక్ నాలుగేళ్లూ నా పరిస్థితీ అదే. ఇంట్రెస్ట్ లేక కాదండీ, కంటికి అలవాటు తప్పింది. చెవికి తప్పలేదు. అందుకని పైకి చదవండి. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ తీసుకోండి. అదంతా చిత్తూరు జిల్లా పల్లె మాట. కళ్లతో చదివితే ప్రతి లైనుకీ ఆగుతారు. గొంతుతో చదివితే పక్కింటాయన మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

నవలతో మొదలుపెట్టొద్దు. కథ తీసుకోండి, ఒక్క కూర్చోడంలో అయిపోతుంది. ఎక్కడ దొరుకుతాయి అంటారా? కాళీపట్నం రామారావు గారు, అందరూ కారా మాస్టారు అంటారు, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. తెలుగు కథలు ఎక్కడ అచ్చయినా తెచ్చి ఒకచోట దాచాలన్నది ఆయన పట్టుదల. అందులో చాలా కథలు స్కాన్ చేసి ఆన్‌లైన్లో కూడా పెట్టారు. ఫోన్లోనే చదవొచ్చు, రూపాయి ఖర్చు లేదు.

ఇప్పుడు అసలు విషయం. మా వైజాగ్‌లో నెలకో ఆదివారం సాయంత్రం ఎనిమిది తొమ్మిదిమందిమి ఒక ఫ్రెండ్ వాళ్ల డాబా మీద కలుస్తాం. సంఘం లేదు, బ్యానర్ లేదు. చాపలూ, ఫ్లాస్కులో టీ. ఒక పాత కథ చదువుతాం, తర్వాత మాలో ఒకరు రాసింది చదువుతాం.

ఒకసారి కారా మాస్టారిదే ‘యజ్ఞం’ పెట్టుకున్నాం. అరవైల నాటి కథ. అప్పల్రాముడి అప్పు మీద ఊళ్లో పంచాయితీ. నిజం చెప్పాలంటే ఆ పంచాయితీ చాలా పొడుగు. ఒక్కణ్నే అయితే మధ్యలో రీల్స్‌లోకి వెళ్లిపోయేవాణ్ని. మాలో ఒకతను లోన్ రికవరీలో పనిచేస్తాడు. పేరు చెప్పను. అందరం బోరు కొట్టి కదులుతున్నచోట అతను నిటారుగా కూర్చున్నాడు. కాగితం ఎవరి దగ్గరుంది, వడ్డీ ఎలా పెరిగింది, ఎవరు ఎవరి మాటకి ఎందుకు తగ్గుతున్నారు, అన్నీ విడమరిచి చెప్పాడు. చివర్లో ఒక మాటన్నాడు: “లెక్క కరెక్టే అన్నా. అందుకే భయమేస్తోంది.” కారా గారు ఇదే వైజాగ్‌లో లెక్కల మాస్టారుగా పనిచేశారని అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ కథ చివర సీతారాముడు చేసే పని మీద అరవై ఏళ్లుగా వాదించుకుంటున్నారు. మేమూ రాత్రి పదకొండు దాకా వాదించుకున్నాం. తేలలేదు.

రెండు నెలల తర్వాత అతనే మూడు పేజీలు రాసుకొచ్చాడు. కలెక్షన్‌కి ఒక ఇంటికెళ్తే చిన్నపిల్ల తలుపు తీసి “నాన్న లేడు” అంటుంది. నాన్న చెప్పులు గుమ్మం పక్కనే ఉంటాయి.

ఇక్కడ మా పద్ధతి చెప్పాలి. నేను సాఫ్ట్‌వేర్లో ఉన్నప్పుడు కోడ్ రివ్యూలు చేసేవాళ్లం కదా, దాదాపు అదే. రాసినవాళ్లు చదివాక నోరు మెదపకూడదు. వివరణ ఇవ్వకూడదు. విన్నవాళ్లు “బాగుంది”, “బాలేదు” అనకూడదు. ఎక్కడ చెవి రిక్కించారో, ఎక్కడ ధ్యాస తప్పిందో చోటుతో సహా చెప్పాలి. “చెప్పుల దగ్గర ఊపిరి ఆగింది”, “ఆఖరి పేరాలో అప్పులు చెయ్యొద్దని మీరు చెప్తుంటే టీ గుర్తొచ్చింది”. ఇలా అంటే మనిషి నొచ్చుకోడు, కథ బాగుపడుతుంది. “సూపర్ బ్రో” అంటే రెండూ జరగవు.

అతను ఆఖరి పేరా కొట్టేశాడు. పత్రికకి పంపమని మాలో ఇద్దరు పట్టుబట్టారు. పంపనన్నాడు. పేరు బయటపడితే ఉద్యోగం పోతుంది, పేరు మార్చి వేసినా ఆఫీసులో గుర్తుపడతారు అని. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. ధైర్యం చెయ్యమని చెప్పడం మాకు తేలికే, ఈఎంఐ కట్టేది మేం కాదు కదా. ఆ రోజు నుంచి డాబా మీద ఫోటోలు, రికార్డింగులు బంద్. నాలాంటి వీడియోలవాడికి ఇది కొంచెం కష్టమే అనుకోండి. కానీ ఫార్వర్డ్ అవదు అన్న నమ్మకం ఉంటేనే కొన్ని కథలు నోటి దాకా వస్తాయి. ఈ మాత్రం కూడా అతన్ని అడిగి, కొన్ని వివరాలు మార్చి చెప్తున్నా.

మీ ఊళ్లో ఇలాంటిది లేకపోతే నలుగురు చాలు. లైబ్రరీ వరండా అయినా, పార్కు బెంచీ అయినా పర్లేదు. వాట్సాప్ గ్రూపులో తేదీ, చోటు, కథ పేరు తప్ప ఇంకేమీ పెట్టొద్దు. గుడ్ మార్నింగ్ పువ్వులు మొదలయ్యాయంటే మూడో నెలకి మనుషులు రారు. అందరూ రాయాలని కూడా లేదు. మాలో ఒకావిడ మూడేళ్లలో ఒక్క లైనూ రాయలేదు. ఆవిడ రాని ఆదివారం మాత్రం చదవడానికి ఎవరూ ముందుకు రారు.

వచ్చే ఆదివారం అతను రెండో కథ తెస్తానన్నాడు. ఇది ఆ పిల్ల వైపు నుంచట. నేను ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్తున్నా. ఉంటా మరి.