ఏఎంటీ కారు: కుదుపు గేర్‌బాక్స్‌దా, పాదానిదా?

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధుల్లో కారు నడిపితే ఎడమ కాలికి క్లచ్‌తో కుస్తీ తప్పదు. దాంతో విసిగి ఆటోమేటిక్ కొందామనుకునేవారికి సలహాలు దండిగా దొరుకుతాయి. వాటిలో అపోహలూ తక్కువేం కాదు. ముఖ్యంగా 2014లో మారుతి సెలేరియోతో మన దేశంలో అడుగుపెట్టిన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) గేర్‌బాక్స్ గురించి.

అపోహ: “ఆటోమేటిక్ అంటే అన్నీ ఒకటే.”

వాస్తవం: కావు. టార్క్ కన్వర్టర్ రకంలో ఇంజిన్ శక్తి ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందుతుంది. సీవీటీలో విడివిడి గేర్లుండవు. బెల్టు, పుల్లీలే వేగాన్ని మారుస్తాయి. డీసీటీలో రెండు క్లచ్‌లుంటాయి, ఒకటి పనిచేస్తుండగానే తర్వాతి గేరు సిద్ధంగా ఉంటుంది. ఏఎంటీ మాత్రం మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. మన కాలు, చెయ్యి చేసే పనిని కంప్యూటర్ ఆజ్ఞతో యాక్చుయేటర్లు చేస్తాయి. అందుకే అన్నిటిలోకీ చవక.

అపోహ: “కుదుపులు దాని పుట్టుబుద్ధి. మనమేం చేయలేం.”

వాస్తవం: సగమే నిజం. గేరు మారేటప్పుడు క్లచ్ విడిపోతుంది, చక్రాలకు శక్తి ఆగుతుంది, తల ముందుకు ఊగుతుంది. క్లచ్ మళ్లీ పట్టుకోగానే వీపు సీటుకు తగులుతుంది. యాక్సిలరేటర్‌ను అదిమిపట్టి ఉంటే ఈ ఊపు పెరుగుతుంది. గేరు మారబోతుందనిపించినప్పుడు పాదం కాస్త సడలిస్తే చాలావరకు తగ్గుతుంది. మాన్యువల్ కారులో మనం చేసేదీ అదేగా! క్లచ్ ప్లేటు మార్పించాక మాత్రం, కొత్త ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో మెకానిక్ స్కానర్ పెట్టి కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించాలి. అది చేయకపోతే ఎంత నెమ్మదిగా నడిపినా కుదుపు పోదు.

అపోహ: “ఆటోమేటిక్ పెట్రోలు ఎక్కువ తాగుతాది.”

వాస్తవం: పాతకాలపు టార్క్ కన్వర్టర్ల విషయంలో ఆ మాట నిజమే, ఆయిల్ జారుడులో కొంత శక్తి వృథా అయ్యేది. ఏఎంటీలో ఆ నష్టం లేదు. 2014 సెలేరియోలో మాన్యువల్‌కూ ఏఎంటీకీ కంపెనీ చెప్పిన మైలేజీ ఒకటే: లీటరుకు 23.1 కిలోమీటర్లు. రోడ్డు మీద అంత వస్తుందా లేదా అన్నది ఏ కారుకైనా నడిపే తీరును బట్టే.

అపోహ: “క్లచ్ పెడలే లేదు, ఇంక ప్లేటు యాడ అరుగుతాది?”

వాస్తవం: పెడల్ లేదుగానీ ప్లేటు ఉంది. జమ్మలమడుగు నుంచి గండికోట ఎక్కుతుంటే ఎత్తులో ముందు కారు ఆగిందనుకోండి. బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెడితే అది హాఫ్ క్లచ్ పట్టినట్టే, ప్లేటు కాలుతుంది. బ్రేకు తొక్కి ఆపండి, హ్యాండ్ బ్రేక్ సాయంతో కదలండి. హిల్ హోల్డ్ ఉన్న మోడళ్లు కూడా బ్రేకును కొద్ది క్షణాలే పట్టి ఉంచుతాయి. ఇంకో సంగతి: ఏఎంటీలో సాధారణంగా ‘పి’ (పార్కింగ్) ఉండదు. కారు నిలిపేటప్పుడు గేరులోనే ఉంచి ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగాలి.

అపోహ: “దిగుడులో న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగుల్తాది.”

వాస్తవం: సరిగ్గా తలకిందులు. ఇప్పటి ఇంజిన్లలో గేరు వేసి ఉండగా యాక్సిలరేటర్ వదిలేసి దిగుతుంటే ఇంధనం సరఫరానే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగకుండా తిరగాలి కాబట్టి పెట్రోలు ఖర్చవుతూనే ఉంటుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంజిన్ బ్రేకింగ్ పోవడం. భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి, పట్టు తగ్గుతుంది. పాలకోవకు పేరుపడ్డ గువ్వలచెరువు ఘాట్ లాంటి చోట అది ప్రాణాల మీదికి తెస్తుంది. అక్కడ గేర్లు మనమే మార్చుకునే ‘ఎం’ (మాన్యువల్) మోడ్‌లో పెట్టి రెండో గేరులో దిగాలి.

అపోహ: “‘ఎం’ మోడ్ ఊరికే అలంకారం.”

వాస్తవం: ఘాట్ దిగడానికే కాదు, ఓవర్‌టేక్‌కూ అదే దిక్కు. పులివెందుల దారిలో అరటి గెలల లారీ వెనకో, ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీ వెనకో పడ్డప్పుడు ‘డి’ (డ్రైవ్)లో యాక్సిలరేటర్ అదిమితే గేరు తగ్గి పికప్ అందడానికి ఒక క్షణం పడుతుంది. ఎదురు వాహనం వస్తుంటే ఆ క్షణం చాలా విలువైనది. ముందే ‘ఎం’లో ఒక గేరు దించుకుని, దారి ఖాళీగా ఉందని చూసుకున్నాకే పక్కకు తిప్పండి.

అపోహ: “ఆటోమేటిక్ కారుకు వేరే లైసెన్సు కావాలి.”

వాస్తవం: అక్కర్లేదు. గేర్లున్నవి, లేనివి అన్న తేడా మన చట్టంలో మోటారు సైకిళ్లకే. కారుకు ఒకటే తరగతి.

కాబట్టి ఏఎంటీ కొనదలచినవారు షోరూం ముందు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి సంతకం పెట్టకండి. రద్దీ వీధిలో ఒకసారి, ఎత్తు మీద ఆపి కదిలించి ఒకసారి నడిపి చూడండి. పాదం సడలించినా కుదుపు భరించలేనంతగా అనిపిస్తే, డబ్బు కొంచెం ఎక్కువైనా సీవీటీయో, టార్క్ కన్వర్టరో తీసుకోవడమే మేలు.