అలకగృహం లేని ఓడ

హాడో వార్ఫ్‌పై నిలబడి మెయిన్‌లాండ్ ఓడ కొరకు ఎదురుచూడటం మన ఉద్యోగుల కుటుంబాలకు కొత్త కాదు. చెన్నై నుండి గానీ విశాఖపట్నం నుండి గానీ బయలుదేరిన ఓడ ఇక్కడికి చేరడానికి సుమారు రెండున్నర, మూడు రోజులు పడుతుంది. వాతావరణం అనుకూలించకపోతే ఆలస్యమూ తప్పదు. ఓడ ఆలస్యమైనప్పుడు విచారిస్తే కారణం చెబుతారు. రావలసిన మనిషి రాక, కారణమూ తెలియకపోతే, ఎదురుచూసేవారి మనస్సు ఆ కారణాన్ని తనలోనే వెదుక్కుంటుంది. ‘నాలోనే ఏదో లోపమున్నది కాబోలు’ అనుకుంటుంది. ఈ సంగతిని ఇంత స్పష్టంగా చిత్రించిన కథను నేను ఇటీవలనే చూశాను. అది సముద్రపు దొంగల కథ కావడం విశేషం.

2020 ఆగస్టు 10న చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైన తరువాత మన ఇళ్లలో కూడ విదేశీ ధారావాహికలు చూసే అలవాటు పెరిగినది. సెలవులకు వచ్చిన మా అమ్మాయి ‘అవర్ ఫ్లాగ్ మీన్స్ డెత్’ అనే అమెరికన్ ధారావాహికను నాకు చూపించినది. డేవిడ్ జెంకిన్స్ దీని సృష్టికర్త. 2022 మార్చిలో మొదటి భాగం, 2023 అక్టోబరులో రెండవ భాగం ప్రసారమైనవి. 2024 జనవరిలో మూడవ భాగం ఉండదని ప్రకటించారు. మొత్తం 18 అధ్యాయాలు. నవ్వు కొరకు చూడటం మొదలుపెట్టిన నేను చివరకు ఆలోచనలో పడినాను.

చరిత్రలోని ఇద్దరు

ఇందులోని నాయకులిద్దరూ చారిత్రక వ్యక్తులే. స్టీడ్ బోనెట్ బార్బడోస్ ద్వీపానికి చెందిన సంపన్న భూస్వామి. 1717లో భార్యాబిడ్డలను విడిచి, సొంత ఖర్చుతో ‘రివెంజ్’ అనే ఓడను సమకూర్చుకొని దొంగగా మారినాడు. ఆ కాలపు దొంగల ఓడలలో దోపిడిలో వాటా ఇవ్వడమే ఆచారం. బోనెట్ మాత్రం తన మనుషులకు జీతాలిచ్చినాడు. రెండవవాడు ఎడ్వర్డ్ టీచ్. ‘బ్లాక్‌బియర్డ్’ అనే పేరుతో అట్లాంటిక్ తీరాన్ని గడగడలాడించినవాడు. వీరిద్దరూ కొంతకాలం కలిసి ప్రయాణించినారు. 1718లో బోనెట్ క్షమాభిక్ష పత్రం కొరకు వెళ్లిన సమయం చూసి, బ్లాక్‌బియర్డ్ కొల్లసొత్తుతో తన దారిన తాను పోయినాడు. అదే సంవత్సరం నవంబరు 22న బ్లాక్‌బియర్డ్ పోరులో మరణించగా, డిసెంబరు 10న బోనెట్‌ను చార్ల్‌స్టన్‌లో ఉరితీశారు.

ధారావాహిక ఈ పరిచయాన్ని ప్రేమగా మలచినది. ఇద్దరు పురుషుల నడుమ అనురాగం మన పాఠకులలో కొందరికి కొత్తగా తోచవచ్చును. అట్టి అనుబంధం నేరం కాదని మన సర్వోన్నత న్యాయస్థానం 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పినది. పదిహేడవ శతాబ్దపు కరీబియన్ దొంగలలోనూ ఇద్దరు పురుషులు ఆస్తిని ఉమ్మడిగా అనుభవించి, ఒకరు మరణిస్తే రెండవవారికి చెందేటట్లు ఒడంబడిక చేసుకునే ఆచారముండేది. కనుక కల్పన అయినా ఇది పూర్తిగా నేల విడిచిన సాము కాదు.

ఎరుపు పట్టుగుడ్డ

కథలో బ్లాక్‌బియర్డ్‌కు లోకమంతా భయపడుతుంది. అతడు మాత్రం తన కీర్తితోనే విసిగిపోయి ఉన్నాడు. పేదరికంలో గడిచిన బాల్యంలో తల్లి ఒక ఎరుపు పట్టుగుడ్డ ముక్కను చేతికిచ్చి, ఇటువంటివి మనవంటి వారికి దక్కవని నచ్చచెప్పినది. ఆ మాట అతనిలో శిలాక్షరమై నిలిచినది. ఒకనాడు గొప్పింటివారి విందులో అవమానం పొంది తిరిగివచ్చిన అతడు ఆ గుడ్డను బయటకు తీస్తాడు. బోనెట్ దానిని చక్కగా మడిచి అతని జేబులో అలంకరించి, మేలైన వస్త్రాలు నీకెంతో నప్పుతాయని చెబుతాడు. కత్తులు, ఫిరంగులు ఉన్న కథలో నాకు మిక్కిలి గుర్తున్న దృశ్యం ఇదే.

బోనెట్ బాధ వేరు. సున్నితమైనవాడని బాల్యంలోనే తండ్రి ఈసడించినాడు, తోటి పిల్లలు రాళ్లు రువ్వినారు. తాను ముట్టినదల్లా చెడిపోతుందనే భయం అతనిది. ఇద్దరూ ఒకరి ప్రేమను ఒకరు తెలుసుకొని, కలిసి పారిపోవాలని నిశ్చయించుకున్న రాత్రి, పాత పగవాడొకడు బోనెట్‌కు తుపాకి గురిపెట్టి సరిగ్గా ఆ మాటే అంటాడు. అందమైనవాటిని మలినం చేసేవాడివి నీవంటాడు. అంతటితో బోనెట్ చెప్పాపెట్టకుండా భార్యాబిడ్డల వద్దకు తిరిగిపోతాడు. రేవులో పడవతో ఎదురుచూస్తున్న బ్లాక్‌బియర్డ్‌కు వర్తమానమైనా పంపడు. చరిత్రలో విడిచిపోయినవాడు బ్లాక్‌బియర్డ్. కథలో విడిచిపోయినవాడు బోనెట్.

ఇక్కడ గమనించదగిన విషయమొకటున్నది. బోనెట్ వెళ్లినది ప్రేమ లేక కాదు, తాను తగననుకొని. బ్లాక్‌బియర్డ్‌కు అర్థమైనది మాత్రం తానే తగనని. ఒకే భయం రెండు గుండెలలో ఉండి, ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. ఆ తరువాత అతడు ఎరుపు గుడ్డను ఓడపై నుండి వదిలివేసి, బోనెట్ పుస్తకాలను సముద్రం పాలు చేసి, మునుపటికన్న క్రూరుడవుతాడు.

సత్యభామ పాఠం

మన అలంకారికులు సంకేతస్థలంలో ప్రియుని కొరకు వేచి వంచితురాలైన నాయికను ‘విప్రలబ్ధ’ అన్నారు. రేవులోని బ్లాక్‌బియర్డ్ అచ్చంగా విప్రలబ్ధుడే. అభద్రతకు మన సాహిత్యంలో పెట్టింది పేరు సత్యభామ. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో కృష్ణుడు పారిజాతాన్ని రుక్మిణికిచ్చినాడని చెలికత్తె ద్వారా విని, ఆమె అలకగృహం చేరుతుంది. పాదాలపై వంగిన భర్తను ఎడమకాలితో తన్నుతుంది. ఆయన కోపగించుకోడు.

అలక అంటే కేవలం కోపం కాదు. వచ్చి అడిగేవారున్నారనే నమ్మకం మీద నిలిచిన కోపమది. అలకగృహానికి తలుపుంటుంది, ఆ తలుపు తట్టే చేయి ఉంటుంది. సత్యభామ తన బాధను నోటితో చెప్పగలిగినది కనుక కలహం కలహంగానే ముగిసినది. బ్లాక్‌బియర్డ్‌కు ఆ వెసులుబాటు లేదు. అతడు కన్నీరు పెట్టుకుంటే సహాయకుడైన ఇజ్జీ హాండ్స్ సహించడు. అందరినీ భయపెట్టే బ్లాక్‌బియర్డే అతనికి కావాలి. హోదా మనిషి నోరు నొక్కితే ఆ బాధ ఇతరులపై క్రౌర్యమై పడుతుంది.

రంగు కింద తుప్పు

ఓడ డ్రైడాక్‌కు వచ్చినప్పుడు ఇంజనీరు పైరంగును చూసి సంతృప్తి చెందడు. రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపలి వైపు నుండి రేకు పలుచబడి ఉంటుంది. అందుకే అల్ట్రాసోనిక్ పరికరంతో మందాన్ని కొలుస్తాము. మనుషులకు అట్టి పరికరం లేదు, మాట తప్ప.

పాతికేళ్ల క్రితం నేను మొదటిసారి ఈ దీవులకు బదిలీపై వచ్చినప్పుడు కుటుంబం విశాఖలోనే ఉన్నది. నాకప్పగించిన పని అనుకున్నట్లు సాగక, ఈ ఉద్యోగానికి నేను తగనేమోనని రాత్రులు నిద్రపట్టేది కాదు. ఇంటికి మాత్రం ‘ఇక్కడ అంతా క్షేమం’ అని నాలుగు పంక్తులు వ్రాసేవాడిని. భార్యను కలవరపెట్టకూడదన్నది నా ఉద్దేశం. క్రమంగా ఆమె ఉత్తరాలూ కురచయినవి. ఏడాది తరువాత బిడ్డను ఎత్తుకొని ఓడ దిగిన ఆమె, కుశలప్రశ్నలకన్న ముందు, “మేము రావడం మీకు ఇష్టమేనా అండీ?” అని అడిగినది. నా మౌనాన్ని ఆమె ఎలా చదువుకున్నదో అప్పుడు గాని నాకు తెలియలేదు. హాడో వార్ఫ్‌పై సామాను మధ్య నిలబడి ఆనాడు జరిగినదంతా చెప్పినాను. ఆమె, “ఇంతేనా? ఈ మాట ముందే వ్రాయవచ్చు కదా!” అన్నది.

ధారావాహిక రెండవ భాగంలో బోనెట్ తన మాటలను ఉత్తరాలుగా వ్రాసి, సీసాలలో పెట్టి సముద్రంలో విడుస్తాడు. తరువాత ఇద్దరూ కలుసుకుంటారు, తిరిగి పొరపడతారు, చివరకు తీరాన చిన్న సత్రం నడుపుకొనడానికి నిలిచిపోతారు. ఆ ఇంటి కప్పు సరిగా లేదు. అయినా బాగుచేసుకొనడానికి ఇద్దరున్నారు.

మన సహోద్యోగులలో ఎందరో నేటికీ కుటుంబాలను మెయిన్‌లాండ్‌లో ఉంచి ఇక్కడ పనిచేస్తున్నారు. ఇప్పుడు ఫోను ఉన్నది, ముఖం చూస్తూ మాట్లాడే సదుపాయమున్నది. ఈ రాత్రి ఇంటికి ఫోను చేసినప్పుడు ‘అంతా క్షేమం’ అన్న తరువాత మరొక్క నిజమైన మాట కూడ చెప్పవలసినదిగా మనవి.