పాలవాడి కూతుళ్ళు

కూతురు కోరుకున్న వరుడు తండ్రికి నచ్చకపోతే ఇల్లు ఎంత అట్టుడికిపోతుందో మీకు చెప్పక్కర్లేదు. నూరేళ్ళకు పూర్వం రష్యా సామ్రాజ్యంలోని పేద యూదుల ఇళ్ళల్లోనూ ఇదే గొడవ. షోలెం అలైఖెం (1859-1916) దాన్ని యిడ్డిష్ భాషలో, అంటే వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే భాషలో, కథలుగా రాశాడు.

తెవ్యె పాలూ వెన్నా అమ్ముకునేవాడు. పెద్దపిల్ల త్సైతెల్ డబ్బున్న కసాయిని కాదని పేద దర్జీని కోరుకుంది. సరేనన్నాడు. రెండోది హోదెల్ ఒక విప్లవకారుణ్ణి పెళ్ళాడి, అతను ప్రవాస శిక్ష పడి వెళ్తే తనూ బయల్దేరింది. గుండె రాయి చేసుకుని సాగనంపాడు. మూడోది ఖవా క్రైస్తవుణ్ణి చేసుకుంది. అంతే! బతికున్న బిడ్డకి చచ్చిపోయినట్టు మైల పట్టాడు.

ఇదేం మొండితనం అంటారా? ఆనాటి రష్యా చట్టం ప్రకారం అలాంటి పెళ్ళి కావాలంటే యూదు పిల్ల మతం మారి తీరాలి. పైగా యూదులపై దాడులు జరుగుతున్న రోజులవి. తన వాళ్ళని తరిమేవాళ్ళలో కూతురు కలిసిపోయిందని ఆ తండ్రి బాధ. అయినా దారిలో ఆమె ఎదురైతే మనసు పీకుతూనే ఉంటుంది.

1914 నాటి కథలో తెవ్యెని కూడా ఊరినుంచి వెళ్ళగొడతారు. సామాను సర్దుతుండగా ఖవా తిరిగొచ్చి గుమ్మంలో నిలబడుతుంది. తండ్రి ఏం చేశాడో రచయిత తేల్చి చెప్పడు. మీరైతే ఏం చేసేవారని తెవ్యె చేతనే అడిగిస్తాడు.

కన్నవాళ్ళు గదా, మీరే చెప్పండి.