కారుమీద సైకిలు

ఇంటికి కారు వచ్చిన తరువాత సైకిలును పట్టించుకొనేవాడు ఉండడని మా నాయన అంటూ ఉండేవారు. ఆ మాట మా యింట్లో చాలాకాలం నిజమే అయింది. ఇప్పుడు మా మనుమరాలి ధర్మమా అని సైకిలు మళ్ళీ గడప తొక్కింది. తొక్కి ఊరుకోక కారు నెత్తిమీదికే ఎక్కింది. దాన్ని అక్కడ క్షేమంగా కూర్చోబెట్టడానికి నేను పడిన పాట్లూ, నేర్చుకొన్న పాఠాలూ మరి నాలుగు కుటుంబాలకు పనికి వస్తాయేమోనని ఈ మాటలు రాస్తున్నాను.

మాది బెంగుళూరు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఎన్ని తరాలుగా అంటే లెక్క చెప్పగలవారు ఇప్పుడు ఇంట్లో లేరు. ఆదివారం తెల్లవారుజామున దేవనహళ్ళి దారిన పోయినవారికి ఒక కొత్త వేడుక కనబడుతుంది. వరసగా కార్లు, కార్ల మీదా వెనకా సైకిళ్ళు. అన్నీ నందికొండకే. కొండ ఎత్తు 1,478 మీటర్లు, ఊరికి సుమారు 60 కిలోమీటర్లు. పెద్ద పెద్ద లారీలు పరుగెత్తే ఆ రోడ్డున పిల్లలు ఊళ్ళోనుంచి తొక్కుకుంటూ పోవడం క్షేమం కాదు గనక, కొండ మొదలుదాకా సైకిళ్ళను కార్లలో మోసుకుపోయి, అక్కడినుంచి పైకి తొక్కుతారు.

ఆ కొండకు దగ్గరలోనే ముద్దేనహళ్ళి ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం నుంచి వలసవచ్చిన తెలుగువారే. అంతటి ఇంజనీరు పుట్టిన ఊరికి పోయే దారిలోనే నేను ఇంజనీరింగుకు తలవంపులయ్యే పని ఒకటి చేశాను.

తాడును నమ్ముకొన్న కథ

సైకిళ్ళు మోయడానికి కారుకు తగిలించే చట్రాన్ని అంగళ్ళలో ర్యాక్ అంటారు. దాని ధర విని నాకు కళ్ళు తిరిగాయి. “మన కాలంలో మంచాలూ బీరువాలూ కూడా తాళ్ళతో కట్టి తీసుకుపోలేదా?” అని, పాత లగేజి క్యారియరు మీద సైకిలును పడుకోబెట్టి, కొబ్బరితాడుతో నాలుగు చుట్లు చుట్టి, గట్టిగా ముడివేశాను. మా ఇంటావిడ చూసి, “ఇది పెళ్ళిపందిరి రాట కాదండీ” అన్నది. నేను వినిపించుకోలేదు.

దేవనహళ్ళి దాటాక వెనకనుంచి ఒకటే హారన్ల మోత. ఏమిటా అని వేగం తగ్గించేలోగా టాపు మీద గరగరమని శబ్దమై, సైకిలు జారి రోడ్డున పడింది. మా వెనకే ఒక స్కూటరు. భార్యాభర్తలూ, వారి మధ్యన ఒక చిన్నపిల్లా. అతను చటుక్కున పక్కకు తిప్పుకొన్నాడు. పక్కన ఆ నిమిషంలో లారీ లేకపోవడం వాళ్ళ అదృష్టం, నా పూర్వజన్మ సుకృతం. అతను స్కూటరు ఆపి వచ్చాడు. తిడతాడనుకొన్నాను. తిట్టలేదు. “పెద్దవారు, మీరే ఇట్లా చేస్తే ఎట్లా సార్?” అని కన్నడంలో అడిగి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

మా మనుమరాలు వంకరపోయిన చక్రాన్ని పట్టుకొని, “సైకిలు పోతే పోయింది తాతా, ఆ పాప...” అని ఆగిపోయింది. ఆ రోజు కొండ ఎక్కలేదు. ఇంటికి తిరిగి వచ్చాము.

ర్యాక్‌ను ఎన్నుకొనేటప్పుడు మొదట తలచుకోవలసింది మన సైకిలునూ కాదు, మన కారునూ కాదు. మన వెనక వచ్చేవాళ్ళను. ఆ ఒక్క సంగతి గుర్తుపెట్టుకొంటే తక్కినవన్నీ వాటంతట అవే తేలుతాయి.

ముందు తూకం

అంగడికి పోకముందే ఇంట్లో చేయవలసిన పని ఒకటుంది. సైకిలును తూచాలి. మనిషి తూకం చూసుకొనే మిషను మీద ఒకసారి ఒంటరిగా, ఒకసారి సైకిలు ఎత్తుకొని నిలబడితే, రెంటికీ ఉన్న తేడాయే సైకిలు బరువు. పిల్లలు ఇష్టపడే గేర్ల సైకిళ్ళు సాధారణంగా 12 నుంచి 15 కిలోలు ఉంటాయి. మన పాతకాలపు నల్ల సైకిలు, మడ్‌గార్డులూ క్యారియరూ స్టాండుతో కలిపి, 20 కిలోలకు తక్కువ తూగదు. బ్యాటరీ సైకిలు ఇంకా బరువు. దాన్ని ఎక్కించేముందు బ్యాటరీ ఊడదీసి కారు లోపల పెట్టుకోవాలి.

తరువాత కారుతో ఇచ్చిన పుస్తకం తీసి, టాపు మీద ఎంత బరువు పెట్టవచ్చునో చూడాలి. మన అరలో దుమ్ముకొట్టుకొని పడి ఉండే ఆ పుస్తకంలో ఈ సంగతి ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. చాలా కార్లకు ఈ హద్దు 50 నుంచి 75 కిలోల లోపల ఉంటుంది. అందులో సైకిళ్ళే కాదు, కమ్ముల బరువూ ర్యాక్ బరువూ కూడా కలిసే ఉంటాయి. హద్దు 50 అనుకోండి. అడ్డకమ్ములు 5, సైకిలుకు ఒకటి చొప్పున రెండు పట్టాలు 8, రెండు సైకిళ్ళు 30, మొత్తం 43. మూడో సైకిలుకు చోటున్నా తాహతు లేదన్నమాట.

ఎన్ని రకాలు?

మొదటి రకం, అసలు ర్యాక్ లేకపోవడం. సైకిలు ఒకటే అయితే ముందు చక్రం ఊడదీసి, వెనక సీటు మడిచి, పాత దుప్పటి పరచి లోపలే పడుకోబెట్టవచ్చు. గేర్లున్న పక్క పైకి ఉండాలి. డిస్కు బ్రేకులున్న సైకిలైతే చక్రం తీశాక బ్రేకు పిడి నొక్కకూడదు. నొక్కితే లోపలి బ్రేకు దిమ్మలు దగ్గరకు వచ్చి మళ్ళీ చక్రం పట్టదు. వాటి మధ్య మడిచిన అట్టముక్క పెడితే భయం లేదు. ఖర్చు లేదు, దొంగభయం లేదు, వాన భయం లేదు. ఏడాదికి రెండుసార్లు పోయేవారికి ఇంతకంటె మంచి ఉపాయం లేదు.

రెండవది, డిక్కీకి పట్టీలతో తగిలించేది. ధర తక్కువ, విప్పి మడిచి అటకమీద పెట్టుకోవచ్చు. నాలుగో ఆరో పట్టీలు ఉంటాయి. వాటి కొక్కేలు డిక్కీ తలుపు పై అంచునూ, పక్కలనూ, కింది అంచునూ పట్టుకోవాలి. ఆ అంచు రేకుదై ఉండాలి. ఈ రోజుల్లో చాలా కార్లకు డిక్కీ పైన ప్లాస్టిక్ రెక్క ఉంటుంది. కొన్నిటికి అంచుదాకా అద్దమే. అటువంటి వాటికి ఈ ర్యాక్ పనికిరాదు. కొక్కేలూ దిమ్మలూ తగిలేచోట దుమ్ము తుడవకపోతే రంగు గీసుకుపోతుంది. సైకిలు టైరు పొగగొట్టం ఎదురుగా వస్తే ఆ వేడికి కరిగిపోతుంది. సైకిళ్ళు ఎక్కించాక డిక్కీ తెరుచుకోదు. తినుబండారాల సంచీ ముందే బయట పెట్టుకోవాలి. ఆడపిల్లల సైకిళ్ళకు పైకమ్మి ఉండదు గనక తగిలించడానికి వేరే ఒక కమ్మి కొనుక్కోవాలి.

మూడవది, స్టెప్నీ చక్రం వెనక తలుపుకు బిగించి ఉండే థార్ వంటి బండ్లకు ఆ చక్రం మీదే బిగించేది. సులువైనదే గాని, చక్రం బరువూ సైకిళ్ళ బరువూ కలిసి ఆ తలుపు బందుల మీదనే పడతాయి. రెండు సైకిళ్ళకు మించి ఆశపడకూడదు.

నాలుగవది, బండి వెనక ట్రైలరు తగిలించే కొండికి బిగించేది. ఎత్తవలసిన శ్రమ తక్కువ, బరువు సైకిళ్ళకూ పనికి వస్తుంది. అమెరికాలోనూ ఐరోపాలోనూ దీనికే ఆదరణ. మన అబ్బాయిలు అక్కడినుంచి ఫోటోలు పంపితే మనకూ కావాలనిపిస్తుంది. కాని మన కార్లకు ఆ కొండి సాధారణంగా ఉండదు. దానికోసం వెల్డింగు చేయించడమూ, చట్రానికి రంధ్రాలు వేయించడమూ మంచిది కాదు. కంపెనీ వారు రిజిస్ట్రేషనులో చూపిన తీరుకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది.

అయిదవది, టాపు మీద అడ్డకమ్ములు వేసి వాటిపై పట్టాలు బిగించేది. ఇందులో రెండు తీరులు. ఒకటి, ముందు చక్రం తీసి ఫోర్కును బిగించేది. ఇది కొనేముందు మీ సైకిలు ఇరుసు ఏ కొలతదో చూసుకోవాలి, అన్ని ఇరుసులూ అన్నిటికీ పట్టవు. రెండవది, చక్రాలు తీయకుండా నిలబెట్టి, కమ్మినో చక్రాన్నో పట్టుకొనేది. కార్బన్ సైకిలు కమ్మిని పట్టకర్రలో బిగించకూడదు, బీటలు వారుతుంది.

2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరు కారుకు తలుపుల పైన వాననీటి అంచు ఉండేది. క్యారియరు పాదాలు ఆ అంచును పట్టుకొనేవి. ఇప్పటి కార్లకు అది లేదు. కొన్నిటికి టాపుకు రెండు పక్కలా పొడుగాటి కమ్ములు కనబడతాయి గాని, వాటిలో చాలా అలంకారానికే, బరువు మోయవు. అంగడివాడు “పట్టుద్ది సార్” అన్నంత మాత్రాన నమ్మక, పుస్తకం చూసి కొనాలి.

గాలి, ఎత్తు, చట్టం

గాలి సంగతి తెలిస్తే తాడు మీద నమ్మకం పోతుంది. వేగం రెండింతలైతే గాలి తోపు నాలుగింతలవుతుంది. 40లో పోయేటప్పుడు కదలని ముడి 80లో ఎందుకు జారిందో నాకు అప్పుడు అర్థమైంది. సైకిలుకు గుడ్డ కప్పి పోవడం ఇంకా పొరపాటు. ఆ గుడ్డ పడవకు తెరచాప అవుతుంది. పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది గనక, పని తీరాక ర్యాక్ విప్పి పెట్టుకోవడం లాభం.

టాపు మీద సైకిలు నిలబెడితే కారు ఎత్తు సుమారు రెండున్నర మీటర్లు అవుతుంది. భూగర్భంలో బండ్లు నిలిపే చోట్ల చాలావాటికి అంత ఎత్తు ఉండదు. అలవాటు కొద్దీ తిన్నగా లోపలికి పోతే సైకిలూ పోతుంది, టాపూ పోతుంది. నేను “నెత్తిన సైకిలు ఉంది” అని చీటీ రాసి స్టీరింగు దగ్గర అంటించాను. మా ఇంటావిడ, “అది మీ నుదుట అంటించుకోండి” అన్నది.

వెనక తగిలించే ర్యాక్‌కు వేరే చిక్కు. నంబరు ప్లేటూ, బ్రేకు దీపాలూ కనబడాలి. 1989 నాటి కేంద్ర నియమాలు నంబరు స్పష్టంగా కనబడాలంటాయి. దీపం కనబడకపోతే వెనకవాడికి మనం ఆగిన సంగతే తెలియదు. పైగా సైకిలు పొడవు సుమారు 1.7 మీటర్లు; చిన్న కారు వెడల్పు అంత ఉండదు. చక్రాలు పక్కలకు పొడుచుకొని వస్తాయి. అనుమతించిన హద్దు దాటి సామాను బయటికి వస్తే 2019 సవరణ ప్రకారం జరిమానా 20,000 రూపాయలు. ముందు చక్రం ఊడదీసి లోపల పెట్టుకొంటే ఈ బాధ తగ్గుతుంది.

మేము ఏమి చేశాము

మాది చిన్న కారు, డిక్కీ మీద ప్లాస్టిక్ రెక్క. సైకిళ్ళు రెండు: మనుమరాలిది, మా అల్లుడిది. అందుచేత టాపు రకమే కుదిరింది. దీపాలు కనబడతాయి, డిక్కీ తెరుచుకొంటుంది. ఎత్తడమే కష్టం. నా వయసుకు 14 కిలోలు తలకంటె పైకి ఎత్తలేను. ఒక గట్టి ముక్కాలిపీట కారులో పెట్టుకొన్నాము. అల్లుడు ఎత్తుతాడు, నేను చక్రాల పట్టీలు బిగిస్తాను.

ఎక్కించాక చేయవలసినవి: నీళ్ళ సీసా, గాలిపంపు, చిన్న సంచులు తీసివేయాలి. ఎక్కువైన పట్టీ కొసలు గాలికి కొట్టుకోకుండా మడిచి కట్టాలి. సైకిలును పట్టుకొని ఊపితే కారు కూడా సైకిలుతో కలిసి ఊగాలి. సైకిలు ఒక్కటే ఊగితే బిగువు చాలలేదని అర్థం. అయిదారు కిలోమీటర్లు పోయాక ఆగి మళ్ళీ చూడాలి, ఎందుకంటే మొదటి హంపులకు పట్టీలు సర్దుకొని వదులవుతాయి. తాళం వేసినా సరే, ఇడ్లీకి ఆగినచోట కారు కనబడే బల్ల దగ్గరే కూర్చోవాలి.

పోయిన నెలలో మళ్ళీ నందికొండకు బయలుదేరాము. హెబ్బాళం దాటగానే మనుమరాలు కారు ఆపమన్నది. తనే దిగి, పీట ఎక్కి, రెండు సైకిళ్ళనూ ఒక్కొక్కటిగా ఊపి చూసింది. అప్పుడే ఒక స్కూటరు మా పక్కనుంచి పోయింది, ముందు ఒక పిల్లవాణ్ణి నిలబెట్టుకొని. అది కనుమరుగయ్యేదాకా చూసి, “ఇక పోదాం తాతా” అన్నది. దేవనహళ్ళి దాటి, ఆ మలుపు దాటి, ఎక్కడా ఒక్క హారను వినబడకుండా కొండ చేరుకొన్నాము.