పూత చెప్పిన మాట

మా కొత్తగూడెం రైలుస్టేషనుకు పేరు భద్రాచలం రోడ్డు. కొత్తవారు దిగీ దిగగానే రాములవారి గుడి ఎటని అడుగుతారు. ఇంకా 40 కిలోమీటర్లు అడవిదారిన పోవాలంటే తెల్లబోతారు. పేరును బట్టి చేరే చోటు తెలియదు. కొన్ని జబ్బుల సంగతీ అంతేనని నిరుడు నాకు తెలిసివచ్చింది.

మా అక్కయ్య కొడుక్కి 36 ఏళ్లు, పాల్వంచలో కాపురం. విడవని జ్వరం, చిగుళ్ల నుంచి నెత్తురు. హైదరాబాదు ఆసుపత్రిలో తుంటి ఎముకలోంచి మూలుగ తీసి చూసి, అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అన్నారు. ఎదగని తెల్లకణాలు మూలుగనంతా ఆక్రమించడమన్నమాట.

“మావాడు దక్కుతాడా బాబూ? ఇల్లమ్మితే సరిపోతుందా?” అని అక్కయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

“పేరొకటే గాని ఇందులో రకాలు చాలా ఉన్నాయమ్మా. కొందరికి మందులు చాలు. కొందరికి మూలుగ మార్పిడి కావాలి. రకం తేలనివ్వండి,” అన్నారు డాక్టరుగారు.

రకం ఎలా తేలుస్తారని నేనడిగాను.

“మామిడిపూత చూసి కాపు అంచనా వేయరూ మాస్టారూ? అలాగే. కణంలో దాదాపు 20 వేల జన్యువులున్నా అన్నీ ఒకే జోరుగా పనిచేయవు. పనిచేసే జన్యువు ఆర్‌ఎన్‌ఏ అనే నకళ్లు తీస్తుంది. ఆ నకళ్లను లెక్కిస్తే జోరు తెలుస్తుంది.”

1999లో అమెరికాలో గోలబ్, లాండర్ బృందం 50 జన్యువుల జోరును బట్టే రెండు రకాల లుకేమియాలను విడదీసింది. 2004లో మరో బృందం 116 మంది పెద్దవాళ్ల కణాలు పరిశీలించి, రోగి భవిష్యత్తును అంచనా వేయడానికి 133 జన్యువులను ఎంచింది. 2016లో టొరంటోవారు 17 జన్యువులతోనే ఒక లెక్క కట్టారు. అందులో అంకె పెద్దదైతే మామూలు మందులకు జబ్బు లొంగడం కష్టం.

మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో ఫార్బర్ 16 మంది పిల్లలకిచ్చి, 10 మందికి గుణం కనిపించిందని 1948లో ప్రకటించాడు. గుణం కొన్నాళ్లే నిలిచింది. మిగతా ఆరుగురి సంగతి ముందే చెప్పగల సాధనం ఆనాడు లేదు.

ఈ జోరు లెక్కలు నేటికీ అన్ని ఆసుపత్రుల్లో వాడుకలోకి రాలేదు. ముందుగా చూసేది క్రోమోజోములను, జన్యువుల్లో వచ్చిన మార్పులను. పూత చూడకముందే అంటు ఏదో చూడటం లాంటిది. మావాడికి ఎన్‌పీఎం1 జన్యువులో మార్పుంది, ఎఫ్‌ఎల్‌టీ3లో లేదు.

“మంచి రకమే. ముందు మందులతో చూద్దాం. మీరు ఇల్లు అమ్మకండి,” అన్నారు డాక్టరుగారు. “అయితే అమ్మా, ఇది నూరుమందిని చూసి చెప్పే మాట. మీ ఒక్క అబ్బాయికి రాసిచ్చే హామీ కాదు.”

మొదటి విడత మందులకే మూలుగ శుభ్రపడింది. తక్కిన విడతలూ ముగించుకుని మావాడు సంక్రాంతికి ఇల్లు చేరాడు. మళ్లీ మళ్లీ వెళ్లి పరీక్ష చేయించుకోవాలి.

పెరటి మామిడి కింద నిలబడి అక్కయ్య, “ఈయేడు పూత బాగుందిరా తమ్ముడూ,” అంది.

గాలివాన రాకపోతేనే అనబోయి, “బాగుందక్కయ్యా,” అన్నాను.